మూడు నెలల ఉచిత మెకానిక్ కోర్సా, రెండేళ్ల ఐటీఐనా?

బోడుప్పల్ నాన్న:
మా వాడికి పద్దెనిమిది నిండాయి. పది పాసై, ఇంటర్ మధ్యలో ఆపేశాడు. బండ్లంటే ప్రాణం. ఇక్కడ ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు మూడు నెలల కార్ మెకానిక్ కోర్సు ఫ్రీ, జాబ్ కూడా చూపిస్తాం అంటున్నారు. ఐటీఐ మోటార్ మెకానిక్ అయితే రెండేళ్లు. ఇంట్లో వాడి సంపాదన అవసరం. ఏం చేయమంటారు?

ఫ్లోర్ ఇన్‌చార్జ్, మూసాపేట:
ఐటీఐకే పంపండి అన్నా. నేను కార్ల వర్క్‌షాపులో పని చేయించేవాణ్ని. మూడు నెలల సర్టిఫికెట్‌తో వచ్చే పిల్లలకు ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం వస్తుంది. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైట్ వెలిగిన బండి ఇస్తే ఆగిపోతారు. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే తప్పు కోడ్ వస్తుంది గానీ, అది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో మాత్రమే చెబుతుంది. సెన్సార్ పోయిందా, వైరు తెగిందా, కనెక్టర్‌కు తుప్పు పట్టిందా అన్నది కరెంటు కొలిచే మల్టీమీటర్‌తో మనమే వెతకాలి. అది చేతకాక కొత్త సెన్సార్ వేస్తారు. కస్టమర్ డబ్బులు పోతాయి, లైట్ మళ్లీ వెలుగుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బైకుల్లోనూ కార్బురేటర్ పోయి, సెన్సార్లతో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. కరెంటు కార్లలో వందల వోల్టుల బ్యాటరీ, ఆ కరెంటు మోసే నారింజ రంగు కేబుళ్లు. సగం నేర్చినవాడిని వాటి దగ్గరికి పంపాలంటే నాకు భయం. పైగా ఆర్టీసీలో బస్సులు రిపేరు చేసే శ్రామిక్ పోస్టులకు ఐటీఐ అడుగుతారు.

షెడ్డు భయ్యా:
రెండేళ్లు జీతం లేకుండా ఇల్లు ఎవరు నడుపుతారు? ఆ మాట ఎవరూ చెప్పరు. నేను చిన్నప్పటి నుంచి షెడ్డులోనే నేర్చుకున్నా, ఇప్పుడు ఇద్దరికి పని ఇస్తున్నా. ఫ్రీ కోర్సుతో పిల్లవాడు కనీసం లోపలికి అడుగు పెడతాడు. పని తర్వాత పనిలోనే వస్తుంది.

ఐటీఐ పాత స్టూడెంట్:
భయ్యా మాట నిజమే, కానీ పనిలో వస్తుందన్న భరోసా ఎవరిది? ఫ్రీ కోర్సు చేసి వచ్చినవాణ్ని ఏడాదంతా వాటర్ సర్వీసింగ్ దగ్గరే నిలబెడితే అడిగేవాడు లేడు. అందుకే అప్రెంటిస్ కాంట్రాక్టు, అంటే స్టైపెండ్ ఇస్తూ పని నేర్పిస్తామని కంపెనీ రాసిచ్చే కాగితం, ముఖ్యం అంటాను. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం ముప్పై మంది, అంతకుమించి పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే, స్టైపెండ్ ఇవ్వాల్సిందే. అలా చేరితే ఇంటికి ఎంతో కొంత డబ్బు వస్తుంది, పనీ వస్తుంది. ఐటీఐ మీద నమ్మకం పోయినవాళ్లకు ఒక మాట: 2024లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేసి, తెలంగాణలో 65 ఐటీఐలను కొత్త మెషిన్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టారు. అక్కడికి వెళ్లి ఒకసారి చూడండి.

షెడ్డు భయ్యా:
కాంట్రాక్టు రాసిచ్చే పెద్ద వర్క్‌షాపు దొరికితే నేనూ అదే అంటా. మా బస్తీ పిల్లలకు అక్కడిదాకా దారి చూపించేవాళ్లు లేరు, అదే నా బాధ.

ఫ్లోర్ ఇన్‌చార్జ్, మూసాపేట:
ఫ్రీ కోర్సే అనుకుంటే, ఫోన్‌లో మాట తీసుకోకండి. సెంటర్‌కు వెళ్లి ఒక ఇంజిన్‌కు ఎంతమంది పిల్లలో లెక్కపెట్టండి. స్కానర్ వాళ్ల చేతికి ఇస్తారా అడగండి. పోయిన బ్యాచ్‌లో ముగ్గురి నంబర్లు తీసుకుని ఇప్పుడు ఏం పని చేస్తున్నారో కనుక్కోండి.

బోడుప్పల్ నాన్న:
సోమవారం వాణ్ని తీసుకుని ఆ సెంటర్‌కు, మల్లేపల్లికి రెండింటికీ వెళ్తాను. అప్రెంటిస్ కాంట్రాక్టు కాగితం ఎవరు చూపిస్తే అటే మా మొగ్గు.