వారం మధ్యలో చికెన్ సూప్: స్లో కుక్కరా, మామూలు కుక్కరా?

కొర్లగుంట, తిరుపతి
ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. ఇల్లు చేరేసరికి రాత్రి 7.30 దాటుతుంది. పొద్దున స్లో కుక్కర్‌లో (కరెంటుతో సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే గిన్నె) చికెన్, అల్లం, మిరియాలు వేసి పోతే రాత్రికి సూప్ తయారుగా ఉంటుందని ఒకటి కొనాలనుకుంటున్నా. ఇంట్లో కుక్కర్ ఉండగా అదెందుకని మా అత్తమ్మ అంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి.

చిత్తూరు కోడలు
కొనండమ్మా. ‘లో’ (తక్కువ వేడి) సెట్టింగ్‌లో పెట్టి 7, 8 గంటలు వదిలేస్తే లెగ్ పీసుకు గరిటె తగిలితే చాలు, ఎముక ఊడి వస్తుంది. ఆఫీసు నుంచి వచ్చి స్టవ్ ముందు నిలబడే ఓపిక ఎవరికుంటుంది? బోన్‌లెస్ మాత్రం వద్దు, పీచు పీచుగా అయిపోతుంది. ఆవిరి పెద్దగా బయటికి పోదు కాబట్టి నీళ్లు తక్కువే పోయండి.

బైరాగిపట్టెడ
అక్కా, నేను ఒప్పుకోను. ముందు ఏ కోడో చూడాలి కదా. బ్రాయిలర్‌కు ఆరు వారాల వయసు. అరగంటలో ఉడికే మాంసాన్ని 8 గంటలు ఉడికిస్తే ముక్కలో రుచే మిగలదు. గంటల తరబడి ఉడకాల్సింది ముదురు నాటుకోడి. దాని కీళ్లలో, చర్మంలో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కరిగి జెలటిన్‌గా మారితేనే సూప్ పెదవులకు అంటుకునేంత జిగురుగా వస్తుంది. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల 120 దాకా పోతుంది. అందుకే ఆ పని చాలా తొందరగా అయిపోతుంది.

మా ఇంట్లో ఆదివారం నాటుకోడి తెస్తాం. పసుపు రాసి మంట మీద కాల్చి ఇమ్మని కొట్టాయనకు ముందే చెబుతాం. ఆ కమురు వాసన లేకపోతే సూప్‌కు రుచి రాదు. ముక్కలు కూరకు పోతాయి. మెడ, కాళ్లు, వీపు ఎముకలు చల్లటి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టి, పైకి తేలిన నురుగంతా తీసేయాలి. ఆ తర్వాతే మిరియాలు, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి వేయాలి. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి ముప్పావుగంట. పెద్ద మంట మీద విజిల్ తర్వాత విజిల్ వేయిస్తే లోపల కుతకుతలాడి, కొవ్వు నీళ్లలో కలిసిపోయి సూప్ మడ్డిగా వస్తుంది. వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి జెల్లీలా గడ్డకడుతుంది. సోమ, మంగళవారాల్లో ఓ రెండు గరిటెలు తీసి, క్యారెట్ వేసి బాగా మరిగిస్తే పది నిమిషాల్లో డిన్నర్ రెడీ. మిగిలింది ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

ఇంకోటి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోతే? సగం ఉడికిన కోడి గోరువెచ్చగా గంటల తరబడి ఉంటుంది. మన ఎండల్లో అది విషమే.

చిత్తూరు కోడలు
కరెంటు సంగతి నిజమే. మాకు ఇన్వర్టర్ ఉంది, స్లో కుక్కర్‌ను లాగుతుంది. లేనివాళ్లు ఆలోచించుకోవాల్సిందే. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డకట్టిన చికెన్‌ను కూడా నేరుగా అందులో వేయకూడదు, వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. కానీ తమ్ముడూ, ఉన్న ఒక్క ఆదివారం కూడా ఆడవాళ్లు నురుగు తీస్తూ పొయ్యి దగ్గరే ఉండాలా? వారమంతా పని చేసేవాళ్లకు అది సులువైన డిన్నర్ అనిపించుకోదు. పైగా నాటుకోడి ధర చూస్తున్నావు కదా.

బైరాగిపట్టెడ
మా ఇంట్లో నురుగు తీసేది నేనేనక్కా. ధర విషయంలో మీ మాట నిజం.

పాకాల
ధరే అడ్డమైతే లేయర్ కోడి అడగండి. గుడ్లు తగ్గాక ఫారాలవాళ్లు తక్కువకే అమ్మేస్తారు. ఏడాది దాటిన కోడి కాబట్టి ముక్క గట్టిగా ఉంటుంది, సూప్ మాత్రం చిక్కగా వస్తుంది. కొవ్వు ఎక్కువ. చల్లారాక పైన పసుప్పచ్చగా పేరుకుంటుంది, స్పూనుతో తీసేయొచ్చు. స్లో కుక్కర్‌కైనా, మామూలు కుక్కర్‌కైనా బ్రాయిలర్ కంటే ఇదే నయం.

కొర్లగుంట, తిరుపతి
మాకు ఇన్వర్టర్ లేదు. అయితే ఇప్పటికి కొనడం ఆపుతాను. ఈ ఆదివారం లేయర్ కోడితో కుక్కర్‌లోనే చేస్తాను. దానికీ ముప్పావుగంట సరిపోతుందా?

పాకాల
గంట పెట్టండి. ప్రెషర్ దానంతట అదే దిగాకే మూత తీయండి.