లొంబోక్ పల్లెలో 20 ఆరెల పొలం: ఊళ్ళో ఒకాయన పేరు మీద కొంటే నిలబడుద్దా?

కావలి కుర్రోడు:
అన్నలకు నమస్తే. ఇండోనేసియాలో లొంబోక్ దీవి, తూర్పు పక్క చిన్న పల్లె. చుట్టూ వరిమళ్ళు, సముద్రానికి 2 కిలోమీటర్లు. ఆడ 20 ఆరెల చేను అమ్మకానికుందని ఏజెంటు చెప్తన్నాడు. విదేశీయుల పేరుతో రిజిస్టరు కాదంట, ఊళ్ళో ఒకాయన పేరు మీద కొని, ఆయన చేత అప్పు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలంట. చిన్న ఇల్లు కట్టుకుని ఏడాదికి నాలుగైదు నెలలు ఆడుండాలని, మిగతా రోజులు గదులు అద్దెకివ్వాలని ఆలోచన. బడ్జెట్టు 40 లక్షలు. కుదిరితే రొయ్యల గుంట కూడా. ఈ పద్ధతి నిలబడుద్దా? ఉండటానికి, పోయి రావడానికి ఏమేం చూసుకోవాలి?

సింగరాయకొండ:
నిలబడదు తమ్ముడూ. అడ్వాన్సు ఇచ్చేదుంటే ఆపు. వాళ్ళ 1960 భూచట్టంలో 21వ సెక్షన్ ప్రకారం హక్ మిలిక్, అంటే మన పట్టా హక్కు, ఆ దేశ పౌరులకే. 26వ సెక్షను ఇంకా గట్టిది. విదేశీయుడికి దక్కేటట్టు చుట్టూ తిప్పి చేసిన బదిలీ కూడా చెల్లదు, భూమి సర్కారుకి పోద్ది, కట్టిన సొమ్ము వెనక్కి అడిగే హక్కుండదు. ఆ అప్పు పత్రం, పవరు నీకు రక్షణ అనుకుంటన్నావు. కోర్టులో అవే నీ మీద సాక్ష్యం. ఆ పెద్దాయన మంచోడే కావచ్చు, ఆయన తర్వాత ఆయన పిల్లలకి ఆ మాటతో ఏం పని?

నీ బడ్జెట్టుకి దారి కౌలు. వాళ్ళు సెవా అంటారు. ధర ఆరెకి, ఏడాదికి చెప్తారు, ఇక్కడే మనోళ్ళు పొరపడతారు. ఆరె అంటే 100 చదరపు మీటర్లు, మనకి రెండున్నర సెంట్లు. ఉదాహరణకి ఆరెకి ఏడాదికి 20 లక్షల రుపయా (వాళ్ళ డబ్బు, మన రూపాయి కాదు) అన్నాడనుకో. 20 ఆరెలు, 25 ఏళ్ళు అంటే 100 కోట్ల రుపయా. ఇప్పటి మారకంలో మన 50 లక్షల పైనే, అదీ మొత్తం ముందే కట్టమంటారు. ఇల్లు, చిన్న తోటకి 4 ఆరెలు చాలు. అదే ధరకి 20 కోట్ల రుపయాతో తేలిపోద్ది, ఇంటికి డబ్బు మిగులుద్ది.

సంతకానికి ముందు నోటరీ చేత భూమి ఆఫీసులో, అంటే బీపీఎన్‌లో, సర్టిఫికెట్టు తనిఖీ చేయించు. తాకట్టు, తగాదా ఉంటే ఆడ బయటపడుద్ది. గిరిక్ అని పాత పన్ను కాగితం చూపిస్తే వద్దను, అది హక్కు పత్రం కాదు. యజమాని భార్య సంతకం, వారసత్వపు భూమైతే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరి సంతకాలూ కావాల. జోను చూడు, కాపాడుతున్న వరిపొలమైతే ఇంటి పర్మిషను, అంటే పీబీజీ, రాదు. దారి ఎవరి చేను మీదుగా పోతుందో నకాషాలో చూసుకో. ఒప్పందం ఇండోనేసియా భాషలో ఉండి తీరాల. ఇంగ్లీషులో మాత్రమే ఉన్న ఒప్పందాలను అక్కడి కోర్టులు కొట్టేసినవి ఉన్నాయి.

కావలి కుర్రోడు:
అన్నా, 25 ఏళ్ళ తర్వాత "ఇద్దరూ ఒప్పుకుంటే పొడిగింపు" అని రాస్తానంటన్నాడు. సరిపోద్దా?

సింగరాయకొండ:
చాలదు. ఒప్పుకోకపోతే ఏందనేది అందులో లేదు. ఎన్నేళ్ళు పొడిగించాలో, ధర ఎట్టా లెక్కకట్టాలో, తేడా వస్తే ఇద్దరూ ఒప్పుకున్న వాల్యూయరు ఎవరో ఇప్పుడే రాయించు. యజమాని భూమి అమ్మినా, చనిపోయినా కౌలు కొనసాగుద్దని కూడా రాయించు. వాళ్ళ సివిల్ కోడు 1576వ సెక్షను అమ్మకంతో కౌలు పోదంటది, అయినా కాగితం మీద ఉంటే మేలు. కౌలు మీద 10 శాతం పన్ను యజమానిది. "నికరంగా ఇంత" అని రాశాడంటే అది నీ నెత్తిన పడ్డట్టే.

ఒంగోలు గిత్త:
గదులు అద్దెకిచ్చే మాట వేరు, దానికి విదేశీ కంపెనీ, పీటీ పీఎంఏ, పెట్టాల. భూమి, భవనం కాకుండా వెయ్యి కోట్ల రుపయాకి మించిన పెట్టుబడి చూపాల, అంటే మన 5 కోట్ల పైన. 40 లక్షలతో కాదు. కాబట్టి ఇల్లు నీ నివాసానికే అనుకుని లెక్కేసుకో.

వీసా ఆన్ అరైవల్ 5 లక్షల రుపయా, 30 రోజులు, ఒకసారి మరో 30 పొడిగింపు. గడువు దాటితే రోజుకి 10 లక్షల రుపయా జరిమానా, 60 రోజులు దాటితే దేశం నుంచి పంపేస్తారు. ఈ వీసా మీద ఉండి గదులకి అతిథుల్ని దింపడం కూడా పని కిందే లెక్క.

డబ్బు ఇక్కడి బ్యాంకు నుంచి ఎల్‌ఆర్‌ఎస్, అంటే విదేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం, కిందే పంపు. ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటారు, రిటర్నులో సర్దుకోవచ్చు గానీ ఆ డబ్బు కొన్నాళ్ళు ఇరుక్కుంటది. రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ మర్చిపోవద్దు. 10 కోట్ల రుపయా, అంటే మన 5 లక్షల పైచిలుకు నోట్లు సంచిలో పెట్టుకుపోతే అక్కడి కస్టమ్స్‌లో చెప్పి తీరాల.

పెన్నగట్టు:
ఊళ్ళో ఉండే సంగతి. చేరిన 24 గంటల్లోపు ఆర్‌టీ, అంటే ఆ వీధి ఇళ్ళ గుంపు, పెద్దకి పాస్‌పోర్టు నకలు ఇచ్చి చెప్పు. ఇది చేయకపోతే ఊళ్ళో నీ మొదటి పేరు చెడ్డదే.

కరెంటు మీటరు చూశాకే అద్దె మాట్లాడు. పల్లె ఇళ్ళల్లో ఎక్కువగా 900 వీఏ ఉంటది, అంటే 4 ఆంపియర్ల ఎంసీబీ. మన 750 వాట్ల మిక్సీ ఒక్కటే మూడున్నర లాగుద్ది, రైస్ కుక్కరు పెట్టి ఉండగా అది వేస్తే టప్పున పడిపోద్ది. నీళ్ళ మోటారు మొదలయ్యేటప్పుడూ అంతే. 2200 వీఏ అయితే 10 ఆంపియర్లు, ఏసీకి కూడా చాలుద్ది. మీటరు ప్రీపెయిడ్, 20 అంకెల టోకెను నొక్కాల. యూనిట్లు అయిపోవస్తే పీప్ పీప్ అని వీధంతా వినపడుద్ది. రాత్రికి ముందే బీఆర్‌ఐ లింక్, అంటే బ్యాంకు ఏజెంటు, కొట్లో కొనిపెట్టుకో. మన మూడు పిన్నుల ప్లగ్గు ఆడ పట్టదు.

ఇల్లు కడితే ప్లింత్, లింటెల్, రూఫ్ బీములు చుట్టూ తెగకుండా తిప్పించు. 2018 ఆగస్టులో ఆ దీవిలో వచ్చిన భూకంపాల్లో కూలినవి ఎక్కువగా బీములు లేని ఇటుక గోడలే. స్థలం జనవరి, ఫిబ్రవరిలో చూడు, అప్పుడే నీళ్ళు ఎటు నిలుస్తాయో తెలుస్తది. వాళ్ళ వాన నవంబరు నుంచి ఏప్రిల్ దాకా.

చెన్నై నుంచి కౌలాలంపూర్ మారి లొంబోక్‌లో దిగొచ్చు. స్కూటరు నడపాలంటే ఐడీపీలో, అంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌లో, మోటార్‌సైకిల్ కూడా ఉండాల, లేదంటే ప్రమాదమైతే ఇన్సూరెన్సు రాదు. తెచ్చుకున్న ఫోను టూరిస్టు సిమ్‌తో 90 రోజులు పనిచేస్తది, ఆపైనా వాడాలంటే ఐఎంఈఐ, అంటే ఫోను గుర్తింపు నంబరు, కస్టమ్స్‌లో నమోదయి ఉండాల.

చెరువుగట్టు:
రొయ్యల మాట. అది విదేశీయుడు చిల్లరగా చేసే పని కాదు, మళ్ళీ పీటీ పీఎంఏ దారే. సముద్రానికి అలల గరిష్ఠ గీత నుంచి 100 మీటర్లు వదలాల. వాడిన నీళ్ళు శుద్ధి చేసే చెరువు, ఐపాల్ అంటారు, గుంటలతో పాటే తవ్వాల. కరిమున్‌జావా దీవుల్లో వ్యర్థాలు సముద్రంలోకి వదిలిన గుంటల్ని ఊరోళ్ళే అడ్డుకుని మూయించారు. పక్క చేలు వరివైతే ఉప్పు ఊటకి వాళ్ళతో తగాదా ఖాయం. మన కోస్తాలో చూడని గొడవ కాదు ఇది.

పెన్నగట్టు:
ఒకటి మర్చిపోయా. శాకాహారులుంటే చెప్పు. ఆడ తూటికూరతో చేసే ప్లెచింగ్ కంగ్‌కుంగ్ చూడటానికి మన కూరలాగే ఉంటది గానీ, కారంలో తెరాసి, అంటే రొయ్యల ముద్ద కలుపుతారు. "తన్‌పా తెరాసి" అని రుబ్బక ముందే చెప్పాల. రుబ్బాక చెప్తే వాళ్ళు మొహమాటానికి తలూపి అదే పెడతారు.