అప్‌డేట్: రెక్కలాడించే రబ్బర్ విమానం ఎగిరింది (తిరుపతి)

పోయిన నెల ఇక్కడే అడిగాను: రబ్బరు మెలితిప్పి వదిలితే రెక్కలు బాగానే కొట్టుకుంటున్నాయి, కానీ విమానం ముక్కు దించి నేలకు తగులుతోందని. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అసలు లోపం తోకలో ఉంది. నేను దాన్ని రెక్కలకు సమాంతరంగా, చదునుగా అతికించాను. ఒకరు చెప్పినట్టు తోక వెనక అంచును పది డిగ్రీల దాకా పైకి లేపగానే మునగడం ఆగిపోయింది. రెండోది, పాలిథిన్ కవర్‌ను రెక్క మీద డప్పు తోలులా బిగించేశాను. రెక్క కిందికి కొట్టేటప్పుడు వెనక అంచు పైకి ఉబ్బాలి, అప్పుడే గాలి వెనక్కి నెట్టబడుతుంది. వదులు చేసి మళ్లీ అతికించాను.

లావు రబ్బరు వేయమన్నది మాకు పనికిరాలేదు, వెదురు పుల్ల విరిగింది. బరువు తగ్గించడానికి రెండు రోజులు పుల్లలు గీశాను, తేడా ఏమీ లేదు. రబ్బరుకు కాస్త ఆముదం రాసి, నాలుగింతలు సాగదీసి తిప్పితే మాత్రం ఎక్కువ చుట్లు పట్టాయి.

ఆదివారం మా వీధి కల్యాణ మండపంలో ఫ్యాన్లన్నీ ఆపించి వదిలాం. టపటపమంటూ పద్నాలుగు సెకన్లు తిరిగింది. మా అబ్బాయి దాని కిందే పరుగెత్తాడు.