పాత ఎంటీబీ (మౌంటెన్ సైకిల్): షాపులో ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయాలా, బయట అమ్ముకోవాలా?

గండిపేట_గేర్లు:

అందరికీ నమస్తే. 2021లో కొన్న హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్) ఒకటి ఉంది. మీడియం ఫ్రేమ్, 29 అంగుళాల చక్రాలు, షిమానో డియోర్ 1×10 గేర్లు (ముందు ఒకటి, వెనక పది పళ్లచక్రాలు), 100 మి.మీ. దిగే ఎయిర్ ఫోర్క్ (గాలితో పనిచేసే ముందు సస్పెన్షన్), హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. అప్పటి బిల్లు 56,000. తిరిగింది 3,200 కిలోమీటర్లు, సగానికి పైగా తారు రోడ్డే. చెయిన్ ఒక్కసారి కూడా మార్చలేదు. తర్వాత వేసినవి డ్రాపర్ సీట్‌పోస్టు (తొక్కుతూనే మీట నొక్కి సీటు దించుకునే గొట్టం), వేరే హ్యాండిల్‌బారు, పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌బారుని ఫోర్కుకి పట్టి ఉంచే ముక్క). తీసేసిన ఒరిజినల్ పార్టులు, బిల్లు భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు 85,000 ఎమ్మార్పీ ఉన్న బండి చూసుకున్నాను. హైదరాబాద్‌లో ఒక షాపువాళ్లు పాతదానికి 15,000 ఎక్స్ఛేంజ్ ఇస్తామంటున్నారు. ఆన్‌లైన్‌లో ఇలాంటివి 26 వేలకు పెట్టి ఉన్నాయి. 11 వేల తేడా కోసం ఫోన్లూ బేరాలూ పడటం దండగా? బయట అమ్మేట్టయితే ముందు ఏమేం బాగుచేయించాలి?

లెక్క_తప్పదు:

ఆ 11 వేల లెక్కలో రెండు అంకెలూ నిజమైనవి కావండి.

మొదట 15,000 సంగతి. షాపులో పాత బండి ఊసే ఎత్తకుండా ఒక్క మాట అడగండి: "ఎక్స్ఛేంజ్ ఏమీ లేదు, డబ్బు ఒకేసారి ఇస్తా, ఆఖరి రేటు ఎంత?" 78,000 అన్నారనుకోండి. ఎక్స్ఛేంజ్ దారిలో మీరు కట్టేది 85,000 లోంచి 15,000 పోగా 70,000. అంటే మీ పాత బండికి వాళ్లు నిజంగా కట్టిన ధర 8,000. మిగతా 7,000 ఎలాగూ మీకు రావాల్సిన డిస్కౌంటే, పేరు మార్చి ఇచ్చారు. ఎక్స్ఛేంజ్ మీద డిస్కౌంట్ కూడా కలిపి ఇస్తే సంగతి వేరు. కలపరు, చాలామంది కలపరు.

షాపువాణ్ణి తప్పుపట్టడానికి లేదు. మీ బండిని ఆయన 20,000కి అమ్మగలడనుకుందాం. సర్వీసు, చెయిన్, ప్యాడ్లు, కేబుళ్లకి ఓ మూడు వేలు. ఆ సైజు మనిషి దొరికేదాకా రెండు మూడు నెలలు షోరూంలో చోటు. నెల రోజులు ఏదో ఒక గ్యారంటీ. ఆపైన లాభం. ఇవన్నీ పోగా 12 వేలు దాటి ఇస్తే ఆయనకి గిట్టదు.

ఇక 26,000. అది అడిగే ధర, అమ్ముడైన ధర కాదు. ఆరు వారాలుగా అక్కడే ఉన్న ప్రకటన చెప్పేదల్లా ఆ ధరకి ఎవరూ కొనలేదని. ఇంకోటి, మీ 56,000 బిల్లులో 12 శాతం జీఎస్టీ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద 5 శాతమే. పన్ను తీస్తే మీ బండి అసలు ధర 50,000, ఇప్పటి పన్నుతో 52,500. కొనేవాడు ఈరోజు కొత్తది ఎంతకొస్తుందో చూసి దిగుతాడు గానీ మీ పాత బిల్లు చూసి కాదు. ఈ వయసు ఎయిర్ ఫోర్కు బండికి నా లెక్క కొత్త ధరలో 40 నుంచి 45 శాతం. అంటే 21,000 నుంచి 23,500. ప్రకటనలో 24,500 పెట్టి 22,000 దగ్గర ఆగండి.

పన్ను కలిసొస్తుందని ఎవరైనా ఎక్స్ఛేంజ్ వైపు లాగితే నమ్మకండి. మన దగ్గర కొత్త బండి పూర్తి విలువ మీద జీఎస్టీ పడుతుంది, పాతదాని విలువ అందులోంచి తగ్గదు.

డాలస్_పెడల్:

పన్ను ముక్క దగ్గర ఒక్క మాట, ఇక్కడ చదివే అమెరికా వాళ్ల కోసం. టెక్సస్‌లో లెక్క తిరగబడుతుంది. ట్రేడ్-ఇన్ విలువ తీసేశాక మిగిలిన మొత్తానికే సేల్స్ ట్యాక్స్. కొత్తది 2,400 డాలర్లు, పాతదానికి 700 ఇస్తే 8.25 శాతం పడేది 1,700 మీద. 57.75 డాలర్లు మిగులుతాయి, కాబట్టి బయట అమ్మితే 758 పైన వస్తేనే లాభం. కాలిఫోర్నియాలో ఈ సౌకర్యం లేదు, పూర్తి ధర మీదే పన్ను. మిగతా రాష్ట్రాల వాళ్లు మీ రాష్ట్రం నియమం చూసుకోండి.

స్పోక్_పానా:

బాగుచేయించే సంగతి నేను చెప్తా. ఒకటే సూత్రం: టెస్ట్ రైడ్‌లో చెవికి, చేతికి తెలిసే లోపాలు సరిచేయండి, కంటికి కనబడని ఖరీదైన పనులు కొనేవాడికి వదిలేయండి.

చెయిన్ దగ్గరే అందరూ దెబ్బ తింటారు. స్టీలు స్కేలు తీసుకోండి. 12 పూర్తి లింకులు, అంటే ఒక పిన్ను మధ్య నుంచి 24 పిన్నుల అవతలి పిన్ను మధ్య దాకా, కొత్త చెయిన్‌లో 304.8 మి.మీ. ఉంటుంది. 307.1 దగ్గరకొస్తే 0.75 శాతం అరిగినట్టు, 10 స్పీడుకి అక్కడే మార్చేయాలి. కొలిచేటప్పుడు చెయిన్ బిగుతుగా ఉండాలి, పైభాగంలో కొలవండి.

0.75 లోపుంటే మార్చే పనే లేదు. కొంచెమే దాటితే కొత్త చెయిన్ వేస్తే సరిపోవచ్చు. బాగా దాటితే మాత్రం వేయకండి! అరిగిన చెయిన్‌తో పాటు క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) పళ్లు కూడా అదే కొలతకి అరిగి ఉంటాయి. ఆ పళ్ల మీద కొత్త చెయిన్ కూర్చోదు. స్టాండ్ మీద తిప్పితే వెన్నలా తిరుగుతుంది, ఎక్కి గట్టిగా తొక్కగానే ఎక్కువ వాడిన చిన్న చక్రాల పళ్ల మీద టక్కున జారుతుంది. కొనడానికి వచ్చినవాడు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే అలా జారిందంటే బేరం అక్కడితో సరి. పాత చెయిన్, పాత క్యాసెట్ జోడీ అలాగే ఉంచితే జారదు. "చెయిన్, క్యాసెట్ మార్చాల్సి ఉంటుంది" అని ప్రకటనలో రాసి ఆ మేరకు ధర తగ్గించండి. కొత్త క్యాసెట్ వేస్తే ఆ డబ్బు ధరలో తిరిగి రాదు.

బ్రేకులు. చక్రం తీసి ప్యాడ్ చూడండి, లోహపు పలక మీది అరిగే పొర 0.5 మి.మీ.కి వచ్చిందంటే మార్చాలి. షిమానో రోటర్ (బ్రేకు డిస్కు) మీద కనీస మందం 1.5 అని చెక్కి ఉంటుంది, కొత్తది 1.8. లివర్ మెత్తగా గ్రిప్ దాకా వస్తుంటే బ్లీడ్ చేయించండి (లోపలి గాలి తీసి ఆయిల్ నింపడం), షిమానో అయితే మినరల్ ఆయిలే. కార్లకి వాడే డాట్ బ్రేక్ ఆయిల్ పడితే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. కీచుమని అరుస్తుంటే చాలాసార్లు నూనె మరక కారణం. చెయిన్‌కి స్ప్రే కొట్టినప్పుడు రోటర్ మీద పడుతుంది. రోటర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ప్యాడ్లు నూనె పీల్చి ఉంటే మార్చడమే.

ఫోర్క్. స్టాంక్షన్ల (ఫోర్కు కాళ్లలోకి జారే నున్నటి పై గొట్టాల) మీద గోరు పెట్టి పైనుంచి కిందికి గీయండి. గోరు తగులుకునే గీత ఉంటే ఫోటో తీసి ప్రకటనలో పెట్టండి, దాచకండి. గాలి నిలుస్తుందా లేదా చూడటానికి రాత్రి షాక్ పంపుతో కొట్టి పొద్దున మళ్లీ పెట్టి చూస్తారు, రీడింగ్ తగ్గిందని లీకనుకుంటారు. పంపు బిగించగానే కొంత గాలి దాని గొట్టంలోకి పోతుంది, చిన్న చాంబరు కదా, కొన్ని పీఎస్ఐ తగ్గి కనబడటం మామూలే. అసలు పరీక్ష ఇది: ఫోర్కు కాలికి ఒక జిప్ టై చుట్టి, కూర్చున్నప్పుడు ఎంత దిగుతుందో ఈరోజు ఒకసారి, మూడు రోజుల తర్వాత ఒకసారి కొలవండి. 100లో 20-25 మి.మీ. దగ్గర రెండుసార్లూ ఒకేలా ఉంటే గాలి నిలుస్తున్నట్టే. కింది కాళ్ల సర్వీసు రాక్‌షాక్స్ వాళ్లు 50 గంటలకొకసారి చేయమంటారు. మీరు చేయించి ఉండకపోతే ఇప్పుడు డబ్బు పెట్టకండి, చేయలేదని చెప్పండి చాలు.

హెడ్‌సెట్ ప్లే (హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో వదులు) ఐదు నిమిషాల పని. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి, వేలు హెడ్‌సెట్ కప్పు మీద ఉంచి. టిక్కుమంటే స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పై బోల్టు కొంచెం బిగించి, పక్కవి మళ్లీ 5 న్యూటన్ మీటర్లకి. స్టెమ్ మీదే ఆ అంకె రాసి ఉంటుంది. పక్కవి వదలకుండా పై బోల్టు బిగిస్తే లాభం లేదు, మర పోతుంది.

డ్రాపర్, బారు, స్టెమ్ తీసి ఒరిజినల్‌వి పెట్టేయండి. అదనపు పార్టులకి కొనేవాడు పైసా ఎక్కువివ్వడు, షాపువాడు అసలే ఇవ్వడు. డ్రాపర్ విడిగా పోతుంది, లేదా కొత్త బండికి పనికొస్తుంది. సీట్‌పోస్టు మీద వ్యాసం 30.9 మి.మీ. ఉందో 31.6 ఉందో చూసి కొత్త ఫ్రేముతో సరిపోల్చుకోండి. చిన్నది పెద్ద గొట్టంలో షిమ్ (పలచటి తొడుగు) వేసి పట్టించొచ్చు, పెద్దది చిన్నదాంట్లో పట్టదు. కేబుల్ లాగేశాక ఫ్రేము రంధ్రానికి రబ్బరు బిరడా పెట్టడం మరవకండి, నీళ్లు పోతాయి.

ఫ్రేమ్_నంబర్:

అమ్మకం తంతు నాకొదిలేయండి. ఫోటోలు పొద్దున ఎండలో, చెయిన్ వైపు నుంచి, గోడకి ఆనించి కాదు. ఒకటి పూర్తి బండి, తర్వాత క్యాసెట్ దగ్గరగా, ఫోర్కు కాళ్లు, డౌన్‌ట్యూబ్ (హ్యాండిల్ దగ్గర్నుంచి పెడళ్ల దాకా దిగే ఫ్రేము గొట్టం) అడుగు, ఉన్న ప్రతి గీత. డౌన్‌ట్యూబ్ హెడ్‌ట్యూబ్‌తో (హ్యాండిల్ కింది పొట్టి గొట్టం) కలిసే అతుకు, సీట్‌ట్యూబ్ (సీటు కింది గొట్టం) పై అంచు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) చుట్టూ తుడిచి తీయండి, పగుళ్లొస్తే ముందు అక్కడే. తెలిసినవాడు అవే అడుగుతాడు.

సైజు ఒక్కటే రాయకండి, ఎత్తు రాయండి: 5 అడుగుల 5 నుంచి 5 అడుగుల 9 దాకా మీడియం పడుతుంది. సగం అనవసరపు ఫోన్లు అక్కడే ఆగుతాయి. సైక్లిస్టుల వాట్సాప్ గ్రూపుల్లో ముందు పెట్టండి, అక్కడ బేరం తక్కువ, ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ తర్వాత.

చూడకుండానే "ఫైనల్, ఇప్పుడే డబ్బు పంపుతా" అన్నవాడు, తను ఆర్మీలో ఉన్నానని ఐడీ కార్డు ఫోటో పంపినవాడు, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నవాడు, ముగ్గురూ ఒకే బడిలో చదివారు. డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, యూపీఐ పిన్ అసలే అక్కర్లేదు. పిన్ కొడితే పోయేది మీ డబ్బే. స్క్రీన్‌షాట్, ఎస్సెమ్మెస్ రెండూ నమ్మొద్దు, మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూశాకే బండి వదలండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్.

టెస్ట్ రైడ్‌కి మనిషి వచ్చిన బైకు తాళం మీ చేతిలో ఉండాలి. ఏ లివర్ ముందు బ్రేకో ముందే చెప్పండి. మామూలు బ్రేకులకి అలవాటు పడ్డవాళ్లు హైడ్రాలిక్ ముందు బ్రేకు గట్టిగా పట్టి బోల్తా పడతారు, ఆనక అందరికీ తలనొప్పి.

సైకిలుకి ఆర్సీ ఉండదు కాబట్టి కాగితం మీరే రాసుకోవాలి. బాటమ్ బ్రాకెట్ కింద చెక్కిన ఫ్రేమ్ నంబరు, తేదీ, మొత్తం, ఇద్దరి సంతకాలు, దానికి జతగా పాత బిల్లు జిరాక్స్. ఫ్రేమ్ నంబరు ప్రకటనలో బయటపెట్టకండి, వచ్చినవాడికి చూపించండి. చాలా బ్రాండ్ల ఫ్రేమ్ వారంటీ మొదటి కొనుగోలుదారుకే, "లైఫ్‌టైమ్ వారంటీ ఉంది" అని చెప్పి అమ్మితే రేపు మాట పడాలి.

గండిపేట_గేర్లు:

అందరికీ థాంక్సండి. ఇవాళ కొలిచాను: చెయిన్ 306.8. ఫోర్కు మీద గీతల్లేవు. షాపులో నగదు ధర 79,500 అన్నారు. విజయవాడ నుంచి ఒకాయన 21,000 ఇస్తానంటున్నారు, బస్ కార్గోలో పంపమన్నారు. పంపొచ్చా?

లెక్క_తప్పదు:

79,500 లోంచి 70,000 తీస్తే షాపు మీ బండికి కట్టింది 9,500. ఆయనకి 21,000కి ఇచ్చేయండి, కార్గో ఖర్చు ఆయనదే అని ముందే ఖాయం చేసుకోండి.

స్పోక్_పానా:

306.8 అంటే 0.65 శాతం, 0.75 లోపే. చెయిన్ ముట్టుకోకండి, ఆయనకి కొలత ఫోటో పంపి ఒప్పించండి.

ప్యాకింగ్‌కి ఏదైనా సైకిల్ షాపులో కొత్త బండి అట్టపెట్టె అడగండి. పెడళ్లు తీసేటప్పుడు కుడిది మామూలు మర, ఎడమది ఎదురు మర. ఎడమ పెడల్‌ని గడియారం తిరిగే వైపే తిప్పితే ఊడుతుంది. పంతం పట్టి రెండో వైపు తిప్పితే క్రాంక్ మర పోతుంది. వెనక డిరెయిలర్ (గేర్లు మార్చే భాగం) విప్పి, గుడ్డ చుట్టి, చెయిన్‌స్టే (పెడళ్ల నుంచి వెనక చక్రానికి పోయే ఫ్రేము గొట్టం) లోపలికి కట్టండి. లేకపోతే హ్యాంగర్ (డిరెయిలర్‌ని పట్టి ఉంచే ముక్క) వంగి దిగుతుంది. ముందు చక్రం తీశాక ఫోర్కు కాళ్ల మధ్య ప్లాస్టిక్ స్పేసర్ పెట్టండి, కాలిపర్‌లో (ప్యాడ్లుండే బ్రేకు భాగం) ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క దూర్చండి. దారిలో లివర్ నొక్కుకుపోతే ప్యాడ్లు రెండూ అతుక్కుంటాయి, అవతల ఆయన చక్రం ఎక్కించలేక మీకే ఫోన్ చేస్తారు.