పేరిణి సరే, పటం కథ ఏడబోయింది?

హన్మకొండ శ్రీను: జూన్ 2 తెలంగాణ వేడుకల్ల మళ్ల పేరిణి నాట్యమే పెట్టిన్రు. 2014ల రాష్ట్రమొచ్చింది, మనకంటూ ఒక గుర్తు కావాలె, ఒప్పుకుంట. కానీ ఆగిపోయిన నాట్యాన్ని శిల్పాలు చూసి మళ్ల కట్టుకున్నం. అది మనదెట్లయితది?

రామప్ప బిడ్డ: తమ్మీ, ఉత్తగ కట్టలే. కాకతీయ రాజు గణపతిదేవుని కొలువుల ఉన్న జాయప సేనాని నృత్తరత్నావళి అని నాట్యం మీద పుస్తకం రాసిండు, అండ్ల పేరిణి ముచ్చట ఉన్నది. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిల్పాలు కండ్ల ముంగటనే ఉన్నయి. నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు ఇవన్నీ పట్టుకొని ఏండ్లకేండ్లు కష్టపడి నిలబెట్టిన్రు. 2021ల ఆ గుడిని యునెస్కో గుర్తించింది. ఇంకేం కావాలె?

హన్మకొండ శ్రీను: ఆ రామకృష్ణ గారు పుట్టింది బాలి దీవిల.

రామప్ప బిడ్డ: పుట్టిన జాగతోని ఏం పని?

హన్మకొండ శ్రీను: మన గుర్తు అన్నప్పుడు అడగొద్దా?

కూనపులి ఇంటోడు: మీరు బాలి కాడనే ఆగిన్రు. మేం కూనపులోళ్లం, పటం విప్పి బొమ్మలు చూపుకుంట పద్మశాలోళ్లకు మార్కండేయ పురాణం చెప్పేటోళ్లం. మా తాత పటం సిద్దిపేట జిల్లా చేర్యాలల బొమ్మలేసే నకాషీలు రాసిందే. ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, ఎర్ర నేల మీద బొమ్మలు. మొన్న ఒక సభకు తీస్కపోతే వేదిక ఎనుక పరదా లెక్క కట్టిన్రు. ముంగట వేరే ఆట. మా నాయిన కింద కూసొని చూసిండు, మాట్లాడలే.



రామప్ప బిడ్డ: జరిగింది తప్పే. దానికి పేరిణిని ఎందుకు తిడ్తరు? మా బిడ్డ ఐదేండ్ల సంది నేర్చుకుంటున్నది, మడిమలు పగిలినయి. అది శివుని కొలుపే.

కూనపులి ఇంటోడు: తిట్టలే అక్కా. మాదీ కొలుపే. పటానికి పూజ చేసినంకనే విప్పుతం. పాతదైతే పారెయ్యం, ఏట్ల కలుపుతం. గిప్పుడు అవే దేవుండ్లను జానెడు బొమ్మలు చేసి గోడకు తగిలిస్తున్నరు.

రామప్ప బిడ్డ: మరి మా ఊర్ల విప్పుతరా? మేం శాలోళ్లం కాదు.

కూనపులి ఇంటోడు: కులపోళ్లు పిలిస్తేనే విప్పుతం. అది కట్టుబాటు.

రామప్ప బిడ్డ: అగో, నా బాధ అదే. పేరిణి ఎవరి బిడ్డనైనా నేర్వనిస్తది. మీ పటం ముంగట నాకు జాగ లేదు, మరి రాష్ట్రానిదెట్లయితది?

కూనపులి ఇంటోడు: రాష్ట్రానిది కావాలని మేం ఎన్నడు అడిగినం? పరదా చెయ్యకున్రి అన్నం, గంతే.