నాలుగు చేతుల పద్మధారి ఎవరు?

ప్రశ్న (చిక్కడపల్లి వాసి):
నారాయణగూడలో చలికాలం స్వెటర్లు అమ్మే ఒక టిబెటన్ దుకాణంలో, గల్లాపెట్టె పైన, తెల్లని దేహంతో, నాలుగు చేతులతో పద్మాసనంలో కూర్చున్న మూర్తి పటం చూశాను. మొదట విష్ణువనుకున్నాను. దుకాణదారు ఆయనను చెన్రెజీ అన్నారు. అది బౌద్ధులు కరుణామూర్తిగా కొలిచే అవలోకితేశ్వరుడి టిబెటన్ పేరట. అజంతా ఒకటవ గుహలోని పద్మపాణికి రెండే చేతులు కదా, ఇద్దరూ ఒక్కరేనా? చేతిలో పద్మం ఉంటే పోల్చుకోవడానికి చాలునా?

సమాధానం (శిల్పాభిమాని):
ఒక్కరేనండి, కానీ పద్మం మాత్రమే చాలదు. తార అనే బౌద్ధ దేవత చేతిలోనూ కలువ ఉంటుంది. ముందుగా కిరీటం వైపు చూడండి. జటామకుటంలో ధ్యానముద్రలో చిన్న అమితాభ బుద్ధుడుంటే అవలోకితేశ్వరుడు, అదే చోట స్తూపం ఉంటే రాబోయే బుద్ధుడైన మైత్రేయుడు. మీరు చూసినది షడక్షరి రూపం: రెండు చేతులు ఎద దగ్గర మణిని దోసిట పట్టుకొని ఉంటాయి, మిగిలిన కుడిచేత జపమాల, ఎడమచేత పద్మం. ‘ఓం మణిపద్మే హూం’ అనే ఆరక్షరాల మంత్రం వల్ల ఆ పేరు.

సమాధానం (పాతబస్తీ పాఠకుడు):
పేరులోనే అర్థముంది. అవలోకితేశ్వరుడంటే కిందికి చూసే ప్రభువు. ‘అవలోకితస్వర’ అనే పాత రూపమూ ఉంది. సద్ధర్మపుండరీక సూత్రమనే బౌద్ధ గ్రంథాన్ని 406లో చైనా భాషలోకి తెచ్చిన కుమారజీవుడు ఆ పేరును లోకుల మొరను గమనించేవాడనే అర్థంలో రాశాడు. ఆపదలో తలచిన వారిని ఆదుకుంటాడని ఆ సూత్రం చెప్పే మాటను ఔరంగాబాద్ ఏడవ గుహలో రాతిలోనే చెక్కారు: నడుమ బోధిసత్త్వుడు (అందరి మేలు కోరి బుద్ధత్వం వైపు సాగేవాడు), అంటే అవలోకితేశ్వరుడే, నిలబడి ఉండగా, ఇరుపక్కలా నిప్పు, ఏనుగు, సింహం, పాము, మునిగే ఓడ వంటి ఎనిమిది భయాల్లో చిక్కినవారు ఆయనను వేడుకొంటుంటారు. వ్యాపార మార్గాల్లో ప్రయాణించేవారికి ఇవి నిత్యం ఎదురయ్యే ప్రమాదాలే. అరచేతికో కన్ను ఉన్న వేయి చేతుల రూపం కంటే, నా మటుకు నాకు, ఈ ఫలకమే కరుణను దగ్గరగా చూపుతుంది.

సమాధానం (శిల్పాభిమాని):
ఎవరికి ఏ రూపం తగునో ఆ రూపం, స్త్రీ రూపమైనా సరే, ధరిస్తాడని కూడా ఆ సూత్రమే చెబుతుంది. చైనాలో ఆయన క్రమంగా గ్వాన్‌యిన్ అనే దేవి అయ్యాడు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న మళ్ళీ వెళ్ళి చూశాను. కిరీటం పైన చిన్న ఎర్రటి బుద్ధుడున్నాడు. దోసిట్లో నీలి చుక్కగా కనిపించినది మణేనని ఇప్పుడు తెలిసింది.