అసోసియేట్ డిగ్రీకి కాలిన్ కాలేజా, డాలస్ కాలేజా?

నమస్కారమండీ. మేం టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి ఈ మేతో హైస్కూల్ అయిపోతుంది. మెకానికల్ చదవాలని వాడి కోరిక. నాలుగేళ్లూ యూనివర్సిటీ ఫీజు మావల్ల కాదు. అందుకే మొదటి రెండేళ్లు ఫీజు తక్కువుండే కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ) చదివించి, తర్వాత యూటీ డాలస్‌కి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, డాలస్) మార్చాలనుకుంటున్నాం.

మా ఇల్లు కాలిన్ కౌంటీ కిందికి వస్తుంది కాబట్టి కాలిన్ కాలేజీలో ఫీజు తక్కువ. డాలస్ కాలేజీకైతే బయటి కౌంటీ రేటు కట్టాలి. కానీ మావారి ఆఫీసు రిచర్డ్‌సన్‌లో, డాలస్ కాలేజీ వాళ్ల రిచ్‌ల్యాండ్ క్యాంపస్ పక్కనే. మాకున్నది ఒకటే కారు.

నేను ఊళ్లో పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ (డిప్లొమా వాళ్లు రాసే ప్రవేశ పరీక్ష) రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాను. ఇక్కడా అంతేననుకున్నా. కాదట, యూనివర్సిటీకి మారేటప్పుడు ఏ క్లాసు లెక్కకు వస్తుందో ఏ క్లాసుకి ఆ క్లాసు విడిగా చూస్తారట. అసోసియేట్ డిగ్రీల్లో ఏఏఎస్ (అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్) అయితే ఉద్యోగానికి పనికొస్తుంది గానీ బీఎస్‌లోకి (నాలుగేళ్ల డిగ్రీలోకి) చాలా క్లాసులు లెక్కకు రావని, ఏఎస్ (అసోసియేట్ ఆఫ్ సైన్స్) తీసుకోమని అంటున్నారు. నిజమేనా?

అన్నిటికన్నా నా భయం లెక్కల గురించే. వాడు ఇప్పుడు ప్రీకాల్‌క్యులస్‌లో (కాల్‌క్యులస్‌కి ముందు చదివే లెక్కల క్లాసు) ఉన్నాడు. మొదటి సెమిస్టర్‌లోనే కాల్‌క్యులస్ 1 (మ్యాథ్ 2413) మొదలవకపోతే ఫిజిక్స్, స్టాటిక్స్ అన్నీ వెనక్కి పోయి రెండేళ్లు మూడవుతాయేమో. ఎండాకాలంలోనే కాల్‌క్యులస్ 1 చదివించడం మంచిదేనా, తొందరపెట్టినట్టవుతుందా?

ఈ రెండిట్లో ఎక్కడైనా చదివి మారిన పిల్లలుంటే, స్టాటిక్స్, డైనమిక్స్ ఎక్కడ బాగా చెబుతారో దయచేసి చెప్పండి.